రెండు జపాల ఫోటో

ఎవరి గురించి అడిగావూ? కాసియానో బావ గురించా? హమ్మయ్య, నా ఫోన్ కవర్ల వ్యాపారం ఎలా ఉందని అడుగుతావేమోనని హడలి చచ్చాను. కూర్చో అమ్మాయ్. ఆ స్టూలు కాదు, దానికి ఒక కాలు ఊగుతుంది, ఇదిగో ఈ అట్టపెట్టె మీద కూర్చో. మీ అమ్మమ్మ ఎర్లిందా మా వీధే, నన్ను ఒకసారి చీపురుతో కొట్టింది కూడా, ఎందుకో మాత్రం అడక్కు. అయితే లీమాలో మీ కాలేజీవాళ్ళు నీకు డబ్బా కెమెరా చెయ్యడం నేర్పుతున్నారన్నమాట. లెన్సు లేకుండా, సూది బెజ్జంతో. బాగుంది. మేమంతా పడుతూ లేస్తూ దేన్నుంచి పారిపోయొచ్చామో, దాని దగ్గరికే మీరు ఫీజు కట్టి మరీ వెళ్తున్నారు. నవ్వకు తల్లీ. నా బతుకు చూడు. ముందు రోములో అని నా పేరు రాయించి, కింద నలుపూ తెలుపూ అని బోర్డు పెట్టాను. తర్వాత అది పీకేసి కలర్ అని పెట్టాను. తర్వాత కంప్యూటర్ కొని డిజిటల్ అన్నాను, ఆ కంప్యూటర్ని ఊరంతా వచ్చి చూసిపోయింది, ఫోటో మాత్రం ఎవరూ దిగలేదు. ఇంతలో గుర్తింపు కార్డుకి ఆఫీసువాళ్ళే వాళ్ళ దగ్గరే కూచోబెట్టి తీసేసుకోవడం మొదలెట్టారు. ఇక మిగిలింది ఏవిటంటే, ఇదిగో, ఎవరెవరి ఫోన్లకో చొక్కాలు తొడగడం. నాకు అచ్చిరానిది ప్రపంచంలో ఒక్కటే, కొత్తదనం. జీవితమంతా దాన్నే పట్టుకు వేళ్ళాడాను.

ఆఁ, బావ. మా అక్క మెల్చోరా మొగుడు. ఇదే చౌకులో, చర్చి మెట్లకి ఎదురుగా, ఆ తాటిచెట్లలాంటివి ఉన్నాయే, వాటి దగ్గర ఆయన అడ్డా. కెమెరా అంటే ఏమీ లేదు, మూడు కర్రల మీద నిలబెట్టిన చెక్కపెట్టె. ఫోటో తియ్యడమూ అందులోనే, కడగడమూ అందులోనే. పెట్టె పక్కన నల్లగుడ్డతో చొక్కా చెయ్యిలాంటిది ఒకటి కుట్టి ఉండేది, అక్క కుట్టిందే. అందులోంచి భుజందాకా చెయ్యి దూర్చి, లోపలి చీకట్లో తడుముకుంటూ కాయితాన్ని ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మార్చేవాడు. దూరం నుంచి చూస్తే ఆవుకి పురుడు పోస్తున్నాడనుకుంటారు. ముందు బయటికి వచ్చేది దెయ్యం బొమ్మ, మొహం నలుపూ జుట్టు తెలుపూ. కొండల మీంచి మొదటిసారి దిగొచ్చినవాళ్ళు దాన్ని చూసి శిలువ గుర్తు వేసుకునేవాళ్ళు. ఆ దెయ్యాన్ని బకెట్ నీళ్ళలో కడిగి, పెట్టె ముందు చిన్న పలక మీద అతికించి, దానికి మళ్ళీ ఒక ఫోటో తీస్తే అప్పుడు మనిషి వచ్చేవాడు. నీకివన్నీ తెలుసు కదూ, నేర్చుకుంటున్నావుగా. తెలిసినా విను, ముసలాళ్ళు చెప్పేది తెలిసిందే ఉంటుంది.

మొదట్లో ఆ పెట్టెకి లెన్సుండేది. జర్మనీదని చెప్పుకునేవాడు, ఎవరు చూడొచ్చారు. ఈస్టరు ముందు పవిత్ర వారంలో మన వీధులనిండా పూల తివాచీలు పరుస్తాం కదా, ఆ తొక్కిసలాటలో, బావ నల్లగుడ్డలోకి తల దూర్చి ఉండగా ఎవడో మహానుభావుడు ఎదురుగా వచ్చి లెన్సు తిప్పుకుని పట్టుకుపోయాడు. లోపల్నించి బావ వాణ్ణి చూస్తూనే ఉన్నాట్ట, వీడెవడు ఇంత దగ్గరికొచ్చి ఫోటోకి నిలబడ్డాడు అనుకున్నాట్ట. అంత తెలివైనవాడు మా బావ. మా కుటుంబంలోకి అలాంటివాళ్ళే వస్తారు. అప్పుడు అక్క పాలడబ్బా రేకు కత్తిరించి, తన కుట్టు సూదుల్లో అన్నిటికంటే సన్నదాంతో ఒక్క పోటు పొడిచింది. దర్జీ పని చేసే చెయ్యి, వణుకు లేదు. దానికి మందుసీసా మూత ఒకటి అడ్డం పెట్టారు. లీమా నుంచి కొత్త లెన్సు వచ్చేదాకా ఇదే అన్నాడు బావ. ఆ లెన్సు ఇంకా దార్లోనే ఉంది.

అసలు సంగతి ఇక్కడుంది. అంత చిన్న బెజ్జంలోంచి వెలుతురు ఎంతని వస్తుంది? మూత తీసి చాలాసేపు ఆగాలి. ఎంతసేపు ఆగాలో చూసుకోడానికి బావకి వాచీ లేదు, ఉన్నవి జపాలే. ఎండ బాగా ఉంటే ఒక పరలోకజపం. మబ్బు పడితే విశ్వాస సంగ్రహం, అది పొడుగు కదా. మబ్బు మరీ దట్టమైతే దాని మీద ఒక మంగళవార్త, మరియమ్మ జపం. ఆకాశం వంక చూస్తూ పెదాలు కదుపుతూ చెప్పుకునేవాడు, వెలుతురు తగ్గితే సాగదీసేవాడు, పెరిగితే గబగబా ముగించేవాడు, ఆమెన్ అనగానే మూత. దెయ్యానికొకటి, మనిషికొకటి, ఫోటోకి రెండు జపాలు. దిగేవాళ్ళు కూడా కదలకుండా ఉండాలని లోలోపల ఆయనతో కలిపేవాళ్ళు. అందుకే ఆ కాలం ఫోటోలు చూడు, మన ఊళ్ళో దొంగలూ వడ్డీవ్యాపారులూ కూడా అప్పుడే ఫాదరు దగ్గర పాపాలు ఒప్పుకుని వచ్చిన మొహాలతో ఉంటారు. ఒక మేష్టారుండేవాడు, దేవుడు లేడనే రకం, నా ఫోటోకి జపం చెప్తే ఒప్పుకోనని పేచీ పెట్టాడు. బావ ఏమన్నాడనుకున్నావు, మీకోసం కాదు మేష్టారూ, కాయితం కోసం, కాయితం క్యాతలిక్కు అన్నాడు. కుక్కని కూడా తెచ్చుకుని దిగినవాళ్ళకి కుక్క వచ్చేది కాదు, గొలుసు మాత్రం వచ్చేది. ఒక కొత్త పెళ్ళికొడుకు జపం మధ్యలో పక్కవీధి పిల్ల వంక చూశాడు, వాడికి రెండు మొహాలొచ్చాయి. వాళ్ళ అత్తగారు ఆ ఫోటోకి అద్దం కట్టించి దాచింది, ఎప్పటికైనా పనికొస్తుందని. పనికొచ్చింది కూడానూ, కానీ ఆ కథ మీ అమ్మమ్మనడుగు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నేను కలర్ కొట్టు తెరిచాను. బావకి ఎదురుగా, ఈ గుమ్మంలోనే. ఇస్త్రీ చొక్కా, నూనె రాసిన జుట్టు, మెడలో ఫ్లాష్ కెమెరా. ఆ ఫ్లాష్ కొట్టగానే జనం కళ్ళు మూసేవాళ్ళు, మన ఊళ్ళో సగం మంది నా ఫోటోల్లో నిద్రపోతూనే ఉంటారు. రీళ్ళు బస్సులో లీమా వెళ్ళేవి, అక్కడ కడిగి పంపేవాళ్ళు. ఎప్పుడు పంపేవాళ్ళో ఆ బస్సుకే తెలియాలి. ఒకసారి ఒక పెళ్ళి ఫోటోలు రావలసింది, కవరు విప్పితే ఏదో ఊరి పశువుల సంత. పెళ్ళికూతురి తల్లి ఒక్కొక్కటే ఓపిగ్గా చూసి, ఎద్దులు పుష్టిగా ఉన్నాయి గానీ నా అల్లుడేడయ్యా అంది. అదీ నా ఆధునికం. ఇంతా చేసి ఎదురుగా జపం చెప్పుకుంటున్న బావని చూసి, పాపం, వెనకబడిపోయాడు అని జాలిపడేవాణ్ణి. చూశావా, జాలి పడడానిక్కూడా ఒక మొహం ఉండాలి.

తర్వాత అక్క పోయింది. వానలో ఊరేగింపుతో నడిచింది, కొవ్వొత్తి ఆరిపోకూడదని శాలువా తీసి కొవ్వొత్తికి పట్టింది, తను తడిసింది. ఊపిరితిత్తులకి పట్టుకుంది జ్వరం, వారం తిరక్కుండా తీసుకుపోయింది. నాకు అక్కంటే ఎంత ఇదో నీకు చెప్పలేను, నన్ను ఎత్తుకు తిప్పిన మనిషి. పాతిపెట్టే చోట ఫాదరు గారు నిత్యవిశ్రాంతి జపం మొదలెట్టారు, భర్త చెప్పవలసిన వంతు వచ్చింది, బావ నోరు తెరవలేదు. ఫాదరు గారు మళ్ళీ అందించారు. బావ తలెత్తి అందరూ వినేలా అన్నాడు. ‘బిషప్పు కంటే ఎక్కువ జపాలు చెప్పానయ్యా నేను. రోజూ పొద్దుట్నించి సాయంత్రందాకా, ఫోటోకి రెండు చొప్పున. అన్నీ విని, ఒక్క ఆడదాని జ్వరం తగ్గించడానికి ఆయనకి చేతకాలేదా? ఇక నా నోట ఆ మాట రాదు.’ అనేసి టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. మట్టి మేమే వేశాం.

మూడోనాడు చౌకులోకి వచ్చి పెట్టె నిలబెట్టాడు. వచ్చాడు గానీ జపం లేదుగా, ఇక ఎంతసేపు ఆగాలో ఎలా తెలుస్తుంది? అంకెలు లెక్కపెట్టి చూశాడు, కోపంలో ఉన్నవాడి అంకెలు పరిగెడతాయి, ఫోటోలు మసిగుడ్డల్లా వచ్చాయి. నేను నా వాచీ ఇచ్చాను, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు. చేతి వంక చూస్తూ ఆకాశం చూడడం మానేశాడు, మబ్బొచ్చిందీ పోయిందీ తెలీలేదు, మనుషులు సున్నం కొట్టిన గోడల్లా వచ్చారు. నెమ్మదిగా అందరూ ఇటు రావడం మొదలెట్టారు, నా దగ్గరికి, నిద్రపోవడానికి. బావ పెట్టె పక్కన ముక్కాలిపీట మీద కూచుని మధ్యాహ్నందాకా బూట్లు తుడిచేవాళ్ళతో కూడా మాట్లాడకుండా ఉండేవాడు. ఇంట్లో పొయ్యి వెలిగించడం లేదని తెలిసి మా అమ్మ జొన్నపొత్తులూ జున్నూ గుడ్డలో కట్టి పంపేది. కట్టినవి కట్టినట్టే ఉండేవి.

మా అమ్మ, ఫిదేలమ్మ, ఆవిడ బెంగ వేరు. అల్లుడు తినలేదనీ కాదు, ఫోటోలు పాడవుతున్నాయనీ కాదు. ఆవిడ తల్లి దగ్గర్నించి వచ్చిన నమ్మకం ఒకటుంది. కట్టుకున్నవాడి నోటినుంచి నిత్యవిశ్రాంతి వినేదాకా ఆడదాని ఆత్మ ఇంటి గడప దాటదట, అక్కడే నిలబడి చూస్తుందట. ఒరే రోములో, నా కూతురు చలికి గడపలో నిలబడింది, వాడు పొమ్మనట్లేదు, అది పోలేకపోతోంది, నేను పోయేలోగా దాన్ని పంపించాలి అనేది. అప్పటికి ఆవిడకి చూపు సగం, తల ఎప్పుడూ ఇలా ఇలా వణుకుతూ ఉండేది. బావ దగ్గరికి వెళ్ళి బతిమాలింది. తిట్టింది. ఫాదరు గార్ని పంపింది, ఆయన్ని బావ గుమ్మంలోంచే పంపేశాడు. నన్ను కూడా పంపింది, నేను వెళ్ళి ఏం మాట్లాడానంటే, కలర్ ఫిల్ముకి ఈ జపాల గొడవ ఉండదు బావా, నా కొట్లో పనికి వచ్చెయ్యి అన్నాను. నా అంత రాయబారిని ఆ దేవుడు కూడా పంపలేడు.

అప్పుడు ఒక పొద్దున, ఎండ బ్రహ్మాండంగా ఉంది, అమ్మ నల్ల శాలువా కప్పుకుని, నా చెయ్యి పట్టుకుని తిన్నగా చౌకులోకి నడిచింది. నాకు ఫోటో కావాలి నాయనా, నేను పోయాక, చనిపోయినవాళ్ళ ఆత్మల పండక్కి బల్ల మీద మెల్చోరా పక్కన పెట్టుకోడానికి, అంది బావతో. నేను తీస్తానమ్మా, రంగుల్లో తీస్తానన్నాను. నీ మెరుపుతో నాకున్న సగం చూపూ పోతుంది, ఊరుకో అంది. బావ తల అడ్డంగా ఊపాడు. ‘నా వల్ల కాదు అత్తా, ఇప్పుడు ఏదీ రావట్లేదు. పైగా నీ తల నిలవదు, బెజ్జానికి కదిలితే పనికిరాదు’ అన్నాడు. ఆవిడ అప్పటికే కుర్చీలో కూచుంది. ‘జపం చెప్పుకుంటుంటే నా తల నిలుస్తుంది, చర్చిలో చూశావుగా. నువ్వు నోరు మెదపక్కర్లేదు. పరలోకజపం నేను చెప్తాను, నా మాట వింటూ ఉండు, ఆమెన్ అనగానే మూత పెట్టు’ అంది. బావ లేచి నల్లగుడ్డలోంచి చెయ్యి దూర్చాడు. కాయితం ఎక్కించాడు, మూత తీశాడు.

అమ్మ మొదలెట్టింది. నిజంగానే తల నిలిచింది, రాయిలా. గొంతు సన్నగా, తీరిగ్గా. రాజ్యం రావాలనేది అయింది, చిత్తం నెరవేరాలనేది అయింది, ఈ పూటకి అన్నం పెట్టమనేది అయింది. తర్వాత మన్నించమనే ముక్క రావాలి. ఆగిపోయింది. పెదాలు అలాగే తెరుచుకుని ఉన్నాయి, మాట లేదు. పుట్టినప్పట్నించి రోజూ చెప్పే జపం. అక్కడ మూత తీసి ఉంది, ఎండ లోపలికి పోతూ ఉంది, బావ చేతిలో మూత, అమ్మ నోట్లో ఏమీ లేదు. చౌకులో ఉన్నవాళ్ళంతా చూస్తున్నారు. ఇలాంటప్పుడు రోములోగారు ఊరుకుంటారా? ఆదివారం ఆదివారం చర్చిలో ముందు బల్ల మీద కూర్చునే పెద్దమనిషినాయె. గబగబా అమ్మ పక్కకి వెళ్ళి నిలబడి, వంగి, అందించాను. ఏమని అందించానూ, ఇప్పుడూ మా మరణ సమయమందునూ, అని. అది మంగళవార్తలోది. ఒక పక్కన కాటికి కాళ్ళు చాచిన ముసలమ్మ చావుకి ఫోటో దిగుతుంటే, ఆవిడ చెవిలో నేను చెప్పింది ఆ ముక్క. ఎవడో కిసుక్కున నవ్వాడు. బావ పళ్ళు కొరికాడు. ‘నోరు ముయ్యి రోములో, అది కాదు’ అన్నాడు. అని, నా వంకా అమ్మ వంకా చూశాడు. అమ్మ ఆయన వంకే చూస్తోంది, కదలకుండా. బావ తలెత్తాడు, ఆకాశంలోకి, పాత అలవాటున ఎప్పుడూ చూసినట్టే. చూసి, ఆ ముక్క అందుకున్నాడు. మేము మన్నించినట్టు మమ్మల్ని మన్నించమనేది. ముందు గొణుగుడు, బొంగురు గొంతు, ఆ తర్వాత మామూలు గొంతు. చివరిదాకా చెప్పాడు. ఆమెన్ అన్నాడు.

మూత పెట్టలేదు. నేను చూస్తూనే ఉన్నాను, చేతిలో మూత ఉంది, పెట్టడం లేదు. ఆమెన్ తర్వాత ఊపిరి తీసుకుని అలాగే సాగిపోయాడు, నిత్యవిశ్రాంతిలోకి. ఫలానా ఆత్మకి అని మనం పేరు కలుపుతామే, అక్కడ మెల్చోరా అన్నాడు. ఆ పేరు దగ్గరే ఆగాడు. మళ్ళీ మొదట్నించి చెప్పాడు, మళ్ళీ పేరు దగ్గరికొచ్చాడు, ఈసారి దాటాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చెప్పాడో నేను చెప్పలేను, నాకు కళ్ళు కనబడటం లేదు. ఎండ నడినెత్తికి వచ్చింది, మూత ఆయన చేతిలోనే ఉంది. చౌకులో టోపీలున్న ప్రతివాడూ టోపీ తీశాడు, ఇందాక నవ్వినవాడితో సహా.

ఇక ఫోటో ఏమవుతుంది. దెయ్యం కాయితం బొగ్గులా నల్లగా వచ్చింది. చెడిపోయింది అత్తా, ఇంకోటి తీస్తా అన్నాడు బావ. అక్కర్లేదు, దాన్నే మనిషిని చెయ్యి అంది అమ్మ. పలక మీద అతికించి మూత తీశాడు, రెండో జపం ఎవరూ అందించక్కర్లేకపోయింది. వచ్చింది చూస్తే, తెల్ల కాయితం. అమ్మ లేదు, కుర్చీ లేదు, చర్చి లేదు. శాలువా ఉన్నచోట కాస్త బూడిదరంగు మరక, దాని పక్కన రెండు బూట్లు. నావి. కొత్తవి, నల్లవి, పొద్దున్నే పాలిష్ కొట్టినవి. మనిషిని నిలవలేక ఊగిపోయాను కానీ బూట్లు ఉన్నచోటే ఉన్నాయి కదా. బావ జీవితం మొత్తంలో నన్ను తీసింది అదొక్కటే. ఆ ఫోటోనే ఏటా ఆత్మల పండక్కి బల్ల మీద పెడతాం, అమ్మదని. అక్క ఫోటో, దాని పక్కన నా బూట్లు, ముందు పిల్లల ఆకారం రొట్టెలూ కొవ్వొత్తులూ. వచ్చినవాళ్ళంతా నా బూట్ల ముందు మోకరించి జపం చెప్పి, రొట్టె తీసుకుపోతారు. బతికుండగానే ఇంత గౌరవం ఎవరికి దక్కుతుంది చెప్పు.

బావ మర్నాటినుంచి మళ్ళీ రెండేసి జపాలు. ఫాదరు గారు సంబరపడిపోయి దగ్గరికొస్తే, ఆ దేవుడికీ నాకూ ఇంకా మాటల్లేవు ఫాదర్, ఇది పనికోసం అన్నాడు. పోయేదాకా అదే మాట. నా డిజిటల్ కంప్యూటర్ వచ్చి, పాడై, ఆ మూల పడ్డాక కూడా ఆయన చౌకులో పెదాలు కదుపుతూనే ఉన్నాడు. ఆఖర్న కాయితం దొరకడమే మానేసింది, ఉత్త పెట్టె పెట్టుకుని కూచునేవాడు, టూరిస్టులు ఆయన్నే ఫోటో తీసుకుపోయేవాళ్ళు.

ఏమిటీ? అమ్మ నిజంగా మర్చిపోయిందా అనా? నేనూ అడిగాను, ఆ రోజే, చౌకులోంచి ఇంటికి వస్తూ. ఆ తెల్లకాయితం గుండెలకి ఆనించి పట్టుకుని నడుస్తోంది, తల మళ్ళీ వణుకుతోంది. ఇందులో నువ్వు లేవు కదమ్మా, ఇదేం ఫోటో, నేను రంగుల్లో తీస్తాను అన్నాను కూడా. నా మొహం వంకైనా చూడలేదు. ‘నా కూతురు గడప దాటింది, రోములో. నాకింక ఏ ఫోటో వద్దు’ అంది.

అంది, అంతే... ఊఁ.

ఏదీ, ఆ కవర్ల అట్టలు కాస్త ఇటు జరుపు తల్లీ, ఎండ పడి రంగు పోతాయి.